కిటికీ మీద వాలిన పురుగు

ఈ వారం మా పెరటి సంగతి ఒకటి చెబుతాను. చిన్నదే, కానీ ఇంట్లో పెద్ద గొడవే అయింది.

మాది లండన్ పక్కన స్లౌ. పెరట్లో వాననీళ్ళు పట్టే తొట్టి ఉంది. పోయిన జూన్‌లో ఒక పొద్దున వంటింటి కిటికీ అద్దం మీద ఓ పురుగు కనబడింది. మా అత్తగారు చూసి, "ఉసిళ్ళమ్మాయ్! ఇంటికి చెదలు పట్టాయేమో చూడండి" అన్నారు. మావారేమో దోమ జాతేనని తేల్చేసి, తొట్టి బోర్లించడానికి బయల్దేరారు.

మా అబ్బాయి భూతద్దం తెచ్చాడు. ఉసిళ్ళకి నాలుగు రెక్కలు, వీపు మీద పరుచుకుని ఉంటాయి. దీనివి నిటారుగా, సీతాకోకచిలుకలాగా ఉన్నాయి. తోక చివర ఒంటికన్నా పొడుగ్గా రెండు దారాలు. అంటే మేఫ్లై. పక్కనే దాని ఆకారంలోనే పల్చటి పొర అంటుకుని ఉంది. రెక్కలొచ్చాక కూడా ఇంకోసారి కుబుసం విడిచే పురుగులు ఇవే.

అయితే మేఫ్లైలకి మామూలుగా నాలుగు రెక్కలుంటాయి, దీనికి రెండే! ముందు అంచున తేనెరంగు చార. పుస్తకంతో పోల్చి చూస్తే దొరికింది: క్లోయియాన్ డిప్టెరం. ఇక్కడివాళ్ళు పాండ్ ఆలివ్ అంటారు. డిప్టెరం అంటేనే రెండు రెక్కలది. ఆ చార ఆడదానికే ఉంటుంది.

దీని బతుకే వేరు. మిగతా మేఫ్లైలు చాలావరకు ఒకటి రెండు రోజుల్లో పోతాయి. ఈ తల్లి మాత్రం తిండీ నీళ్ళూ లేకుండా, గుడ్లు కడుపులోనే పెట్టుకుని పది పన్నెండు రోజులు కాచుకుంటుంది. నీళ్ళ మీద గుడ్లు వదలగానే పిల్లలు బయటికొస్తాయి. ఇక కుట్టడమా? పనిచేసే నోరే లేదు పాపం.

అప్పుడు తొట్టిలోకి తొంగిచూశాం. మావారి మాటా కొంత నిజమే, దోమ పిల్లలూ ఉన్నాయి! నీటి పైపొరకి తలకిందులుగా వేలాడుతూ, కదిపితే మెలికలు తిరుగుతూ కిందకి పోతాయి. మేఫ్లై పిల్లలకి మూడు తోకలు, ఒంటికి రెండువైపులా ఆకుల్లాంటి మొప్పలు. చటుక్కున చేపపిల్లల్లా ఈదుతాయి. తొట్టి బోర్లిస్తే రెండూ పోయేవి.

అందుకని బోర్లించలేదు. టీ వడగట్టే జల్లెడతో దోమ పిల్లల్ని మాత్రం ఏరేసి, పైన సన్నటి వల వదులుగా వేశాం, మేఫ్లైలు వచ్చిపోవడానికి ఒక మూల తెరిచిపెట్టి. దోమలూ ఆ మూలనుంచే వస్తాయి కదా, అందుకే వారానికోసారి ఏరే పని మావాడిది.

అత్తగారు ఒక్కటే షరతు పెట్టారు: "ఆ జల్లెడ మళ్ళీ నా వంటింట్లోకి రాకూడదు." కొత్తది కొన్నాం.