గృహదృశ్య సంరక్షణము
(వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



విద్యానిధినిగూర్చియు, విద్యార్థి వసతిగృహమునుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు పెద్దలు సెలవిచ్చిన పిమ్మట మేము విన్నవింపబూనిన విషయము స్వల్పముగా దోపవచ్చును. మన యిండ్లలో టీవీ క్రింద నుంచుకొన్న హార్డ్ డిస్కు రికార్డరు పెట్టెలయందు నిలిచియున్న పెండ్లిండ్ల దృశ్యములను, పండుగల దృశ్యములను, గతించిన పెద్దల మాటలను డీవీడీలకు ప్రతులెత్తుకొనవలెనని మా మనవి. కాలము మించిపోవుచున్నది గావున నీ మహాసభయందే చెప్ప సాహసించుచున్నాము.

ప్రతి యెత్తించుట మనకు క్రొత్తపని గాదు. తాటియాకు గ్రంథము శిథిలము గాకమునుపే మఱియొక ప్రతి వ్రాయించుట పూర్వుల యాచారము. 19వ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడపయందు పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయింపకుండినచో ననేక తెలుగు కావ్యములు మనకు దక్కకపోయెడివి. మన తెలంగాణమున కులపురాణములను పటముపై జూపుచు గానముచేయు నాశ్రితకులములవారు, పటము జీర్ణమైనప్పుడు చేర్యాల నకాషీలచే క్రొత్తది వ్రాయించి, పాతదానిని పూజించి నీట గలిపెడివారు. క్రొత్తది సిద్ధము గాకుండ పాతది పోరాదు. ఈ ధర్మమే నేటి మా ప్రసంగమునకు మూలము. దీనిని మఱచిన ఫలమెట్టిదో చలనచిత్రములయందు జూచుచున్నాము. 1931లో వెలువడిన మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ ప్రతి యొక్కటియు నేడు లభించుట లేదు. ఊరూర నాడిన చిత్రమునకే యీ గతి పట్టగా, ఒక్క యింట నొక్క పెట్టెలో నున్న దృశ్యము మాట చెప్పనేల?

మన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమువారికి ఈ విషయమున నధికమైన యక్కఱ గలదు. ఒకనాడు హైదరాబాదు చుట్టుపట్ల ద్రాక్షతోటలకు పేరొందిన నేల మనది. అనాబ్-ఎ-షాహీ గుత్తులు వ్రేలాడిన పందిళ్ల స్థలమున నేడు గోదాములును, ఇండ్ల స్థలములును, మందుల పరిశోధనాలయములును వెలసినవి. ఔటర్ రింగు రోడ్డు వచ్చినది. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా యేర్పడినది. వీనివలన మేలు కలుగలేదని మేమనము. కాని తోటబావి కడ వేసిన పెండ్లిపందిరియు, చెఱువుగట్టున బతుకమ్మ లాడిన మన యవ్వల పాటలును, అప్పగింతలనాడు కన్నీరు నించిన తండ్రి మోమును ఇపుడెచట నున్నవి? ఆ పెట్టెలలోనే యున్నవి. నేల చేతులు మారినది, పెద్దలు గతించిరి, దృశ్యము మాత్రము మిగిలినది.

అది యేకైకప్రతి యెట్లయ్యెనో గమనింపుడు. తొలుత పెండ్లిదృశ్యములు వీడియో టేపులమీద నుండెను. వానికి బూజు పట్టసాగెను. 2000 దాటిన పిమ్మట, గల్ఫు దేశములకు బోయిన మన యువకులు తెచ్చిన రికార్డరులలోనికి ననేకులు ఆ టేపుల నెక్కించి, టేపులను పాఱవైచిరి. టేపులాడించు యంత్రములను తుదివఱకు చేసిన జపాను దేశపు ఫునాయ్ సంస్థయు 2016 జూలైలో వాని నిర్మాణము నిలిపినది. కావున వెనుకకు బోవుటకు త్రోవ లేదు.

పెట్టెలోని డిస్కు నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగునది; ఒకనాటికి అరుగక తప్పదు. అంతకంటె పెద్ద యపాయ మొకటి గలదు. పెక్కు రికార్డరులు దృశ్యములను తమకే తెలిసిన పద్ధతిలో డిస్కుపై నమర్చును. పెట్టె చెడినప్పుడు డిస్కు నూడదీసి కంప్యూటరునకు దగిలించినను, కంప్యూటరు దానిని గుర్తింపకపోవుట సామాన్యము. ధాన్యము చెడలేదు, గాదెకు తలుపు లేదు. పెట్టె పనిచేయుచున్నంత కాలము డీవీడీయే యా తలుపు. డీవీడీ పద్ధతి పెక్కు యంత్రములకు తెలిసినదే గనుక, దానికెక్కిన దృశ్యమును పెక్కు డీవీడీ యంత్రములందు జూడవచ్చును. తరువాత కంప్యూటరులోనికిని దింపుకొనవచ్చును.

ఇక విధానము. మొదట నింటిలోని పెద్ద స్త్రీలను గూర్చుండబెట్టుకొని, ఏ దృశ్యమెవరిదో, ఏ యేటిదో, ఎచటిదో పట్టిక వ్రాసికొనవలెను. ముఖములు మిగిలి పేర్లు పోయినచో సగము నష్టమే. పిమ్మట పనికిరాని భాగములను తొలగింపవలెను. ప్రతి యెత్తుటకు రెండు మార్గములు గలవు. ఒకటి వేగముగా నున్నదున్నట్లు దింపుట. దీనివలన స్పష్టత తగ్గదు. రెండవది దృశ్యము నడచినంతసేపు నడపుచు మరల నదిమి వ్రాయుట. దీనివలన కొంత మసక గలుగును. వీలైనచోట మొదటిదే మేలు. సాధారణ డీవీడీ 4.7 గిగాబైట్లు పట్టును. మధ్యమ నాణ్యమున సుమారు 2 గంటల దృశ్యము దానిలో నిముడును. 6 గంటల పెండ్లిని 3 డిస్కులపై నెక్కింపుడు. లోభించి యొక్కదానిలో గ్రుక్కవలదు.

వ్రాత ముగిసినపిదప ‘ఫైనలైజు’ అను క్రియను మఱువరాదు. అది జరుగని డిస్కు వ్రాసిన యంత్రమున దప్ప నితరత్ర ఆడకపోవచ్చును. తరువాత వేఱొక యంత్రమున మొదటినుండి తుదివఱకు ఆడించి చూచిననే ప్రతి కుదిరినట్లు. అంతవఱకు పెట్టెలోని మూలమును చెఱుపరాదు. ప్రతులు రెండు చేయించి, రెండవదానిని ఆడపడుచు నింట నుంపుడు. ఒక యింటికి కీడు మూడినను వేఱొకయింట మిగులును. డిస్కు వ్రాయుటకు వీలులేని పెట్టెలు గలవారు ఎఱుపు, తెలుపు, పసుపు తీగెలతో వేఱొక డీవీడీ రికార్డరునకు గలిపి యెత్తుకొనవచ్చును.

డీవీడీయు శాశ్వతము గాదు. వ్రాయుడు డిస్కులో దృశ్యము రంగుపొరపై నిలుచును. ఎండయు, వేడియు దానికి శత్రువులు. కావున నీడను, నిలువుగా నుంచవలెను. కాగితపు చీటి యంటింపక, మెత్తని కలముతో పైవైపున పేరు వ్రాయవలెను. ఏటేట ఆయుధపూజనాడు పనిముట్లతోబాటు వీనినిగూడ వెలికిదీసి పరీక్షించినచో బాగుండును. ఖాళీ డిస్కులును ఎల్లకాలము దొరకవు. 1983లో ఢిల్లీలో స్థాపితమై డిస్కుల నిర్మాణమున పేరొందిన మోజర్ బేర్ సంస్థ 2018లో మూతపడవలసివచ్చెను. అందువలన డీవీడీపై నెక్కినదానిని కంప్యూటరు డిస్కుపైగూడ నొకప్రతి నుంచుట యావశ్యకము.

పోషకమహాశయులకు మూడు ప్రార్థనలు. సంఘభవనమునకు మంచిస్థితిలోనున్న రికార్డరు నొకదానిని, ఒక కంప్యూటరును, ఖాళీ డిస్కులను దయచేయుడు. గ్రామమున కిద్దఱు యువకులను నియమించి, ఆదివారములందు ఇంటింటికి బంపి, పేదలకు ఉచితముగా ప్రతులెత్తించుడు. గృహస్థుల యనుమతి లేక యొక్క దృశ్యమునైనను సంఘమున నుంచుకొనరాదని కట్టడిచేయుడు. ఇంటి సంగతి యింటిదే. రాబోవు మహాసభనాటికి ప్రతి గ్రామమునుండి యీ పనిని గుఱించిన నివేదిక రావలెనని తీర్మానింప గోరుచున్నాము.

వసతిగృహమున జదువుకొను మన బిడ్డలు రేపు తమ తాతముత్తాతల నడుగుదురు. వారి చదువునకు ధనమిచ్చుచున్న మనము వారి పెద్దల స్వరమునుగూడ నందించినచో ఋణము తీఱును. 

శుభమస్తు.