రంగము మనకు నేర్పిన పాఠము
(శెట్టిబలిజ సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



కులోన్నతినిగూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు నన్ను ఆజ్ఞాపించిరి. ఉన్నతినిగూర్చి చెప్పగలవారు ఈ వేదికమీద పెక్కుండ్రు కలరు. నేను మాత్రము మన పూర్వులు నడచిన ఒక దారినిగూర్చి మనవి చేసెదను. అది రంగము దారి. రంగూను పట్టణమును మన తాతలు రంగమనియే పిలిచిరి. కోనసీమలో ఆ పేరు వినని ముసలివారు లేరు. ఆ కథ తెలిసిన పిల్లలు మాత్రము అరుదు.

1852వ సంవత్సరమున రెండు కార్యములు జరిగెను. ధవళేశ్వరమున కాటను దొరగారి ఆనకట్ట పూర్తియయ్యెను. ఆ యేటనే ఆంగ్లేయులు బర్మా రాజుతో యుద్ధము చేసి దిగువ బర్మాను తమ రాజ్యమున కలుపుకొనిరి. మొదటిది గోదావరి డెల్టాకు నీరు తెచ్చెను, పి.గన్నవరము కడ వైనతేయముపై కట్టిన అక్విడక్టు ఆ నీటిని మన సీమకు దాటించెను. రెండవది ఐరావతీ డెల్టా అడవులను వరిపొలములుగా మార్చు పనికి దారితీసెను.

ఆనకట్ట వచ్చిన పిమ్మట మనవారు సముద్రము దాటిపోనేల యని అడుగవచ్చును. కారణము స్పష్టము. నీరు భూమిగలవానికి వచ్చెను. భూమి లేనివానికి కూలి మాత్రమే వచ్చెను. అదియు నాట్లకును కోతలకును మాత్రమే. రంగములో కూలిరేట్లు హెచ్చని వినగానే కాకినాడ రేవునుండి పొగయోడలు నిండసాగెను. మేస్త్రీ ముందుగా బయానా యిచ్చును, ఓడచార్జీ పెట్టును, అక్కడ కూలినుండి దానిని విరుచుకొనును. ఓడలలో బస్తాలు మోయుట, బియ్యపు మిల్లులలో చాకిరి, రిక్షాలు లాగుట, తుదకు పాయిఖానాలు ఎత్తుటకూడ తెలుగువారి పాలయ్యెను. కోరంగి రేవు పేరునుబట్టి బర్మీయులు వారిని కొరంగీలనిరి. ఒకప్పుడు ఓడలకు ప్రసిద్ధికెక్కిన మన రేవుపేరు అక్కడ ఒక తక్కువ మాటయై పోయెను.

ఈ కథ మనదొక్కటియే కాదు. అమెరికా చరిత్రను చూడుడు. ఆ దేశము పడమటి దిక్కుగా విస్తరించుచుండగా 1830లో చట్టముచేసి ఆదివాసులను వారి భూములనుండి తరలించిరి. దక్షిణాది ప్రత్తిచేలలో నల్లజాతివారిని బానిసలుగా ఉంచి 1865 వరకు విడువలేదు. పడమటి కొండలలో రైలుదారి వేయుటకు వేలకొలది చీనావారిని రప్పించిరి. 1869లో ఆ దారి పూర్తియయ్యెను. 1873లో వ్యాపారము కుప్పకూలెను. అంతట పనిలేని తెల్లకూలీల కోపము బ్యాంకులమీదికి గాక చీనావారిమీదికి మరలెను. 1882లో చీనా కూలీలు ఆ దేశమున అడుగిడరాదని చట్టము వచ్చెను. 1885లో రాక్ స్ప్రింగ్సు అను గనులయూరిలో ఇరువదియెనిమిదిమంది చీనావారిని చంపిరి. రాజ్యము పెరుగునప్పుడు కూలిని పిలిచిరి. ధరలు పడినప్పుడు వానిని తరిమిరి.

రంగములోను అదియే జరిగెను. 1929లో అమెరికాలో పుట్టిన ఆర్థికమాంద్యము లోకమంతయు కమ్ముకొనెను. వడ్ల ధర పడిపోయెను. బర్మా రైతులు అప్పులు తీర్చలేక భూములు పోగొట్టుకొనిరి. ఆ దశాబ్దాంతమునకు దిగువ బర్మా ముఖ్యజిల్లాల వరిభూములలో సుమారు నాలుగవ వంతు చెట్టియార్ల వశమయ్యెను. భూమి పోయిన బర్మీయుడు కూలికై రంగము చేరెను. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె కట్టిరి. ఓడసరుకు కంట్రాక్టర్లు వారికి బదులుగా బర్మీయులను పనిలో పెట్టిరి. కొన్నిదినములలో తెలుగువారితో రాజీ కుదిరెను. మే 26వ తేదీన పనికి వచ్చిన బర్మీయులను ఇక పొమ్మనిరి. ఆ దినమున రేవులో మొదలైన కొట్లాట పట్టణమంతయు వ్యాపించి, వందమందికి పైగా ప్రాణములు పోయెను. వారిలో అత్యధికులు మన తెలుగు కూలీలు.

బర్మీయులు స్వభావముచేతనే క్రూరులని నేననను. ఇరువురును ఆకలిగొన్నవారే. ఒకని పొట్టపై రెండవవానిని నిలిపినవారు వేరు. వారికి గాయము తగులలేదు.

1941 డిసెంబరులో జపానువారు రంగముపై బాంబులు వేసిరి. లక్షలకొలది భారతీయులు కాలినడకను కొండలకును అడవులకును అడ్డపడి అస్సాము, వంగదేశములకు బయలుదేరిరి. త్రోవలో వేలకొలదిమంది రోగములతోను ఆకలితోను మరణించిరి. తెల్లవారికి ముందును, మనవారికి వెనుకను అను భేదము ఆ ఆపత్కాలమునకూడ చూపబడెనని నాడు గట్టిగా ఆరోపణలు వచ్చెను.

అయినను రంగము మనకు చేసిన మేలును మరువరాదు. బోడసకుర్రున జన్మించిన దొమ్మేటి వెంకటరెడ్డిగారు అక్కడ ధనమార్జించి, దానిని కులోద్ధరణకు వెచ్చించిరి. 1920లో మనకు శెట్టిబలిజలను పేరు లభించుట వారి కృషిఫలము. ఊరిలో చిన్నచూపునకు లోనైనవాడు గౌరవమైన పేరు కోరుట న్యాయమే. నేనును ఆ పేరు నీడను చదువుకొన్నవాడనే.

కాని పేరొక్కటియే రక్షింపదు. భగత్ సింగ్ థిండ్ అను పంజాబువాసి తాను ఉన్నతకులమున పుట్టిన ఆర్యుడను గనుక తెల్లవాడనే యని అమెరికాలో పౌరసత్వమునకై వాదించెను. 1923లో అచటి సుప్రీంకోర్టు దానిని త్రోసివేసెను. సంస్కృతమున వర్ణశబ్దమునకు రంగని కూడ అర్థము. తనపై నున్నవాని వర్ణములో చోటడిగి, తన క్రిందివానిని విడిచిన వాదము నిలువలేదు. 1946లో ఆ దేశము చట్టము మార్చి మనవారికి పౌరసత్వము నిచ్చినది కులమును చూచి కాదు.

సోదరులారా! ఇప్పుడు నా హృదయములోని మాట చెప్పెదను. 2022 మే 24వ తేదీన అమలాపురమున గృహములు తగులబడెను, బస్సులు కాలెను. కోనసీమ జిల్లాకు అంబేద్కరుగారి పేరు చేర్చుటపై పుట్టిన కలహమది. ఏ కులమువారెందరని లెక్కించుట నా పని కాదు. వారందరును ఇచటి బిడ్డలు; మా వంటి ఉపాధ్యాయులు అక్షరములు దిద్దించినవారు. వారికి మేము రంగము కథ చెప్పియుండలేదు. ఆ లోపము మాది.

ఎవరి పేరునుగూర్చి కలహించితిమో, ఆయన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున చదివినవాడు. 1946లో ఆయన నల్లజాతి నాయకుడగు డుబాయిసుగారికి లేఖ వ్రాసి, అమెరికా నల్లవారి స్థితియు మన అస్పృశ్యుల స్థితియు మిక్కిలి పోలియున్నవని తెలిపెను. మనము కొరంగీలమై పడిన అవమానము అర్థమైనవానికి ఆ లేఖ అర్థము కాకపోదు.

నేడును మన తీరమునుండి స్త్రీపురుషులు కువైటునకును ఇతర గల్ఫుదేశములకును కూలికి పోవుచున్నారు. అక్కడ వారిని ఏ కులమని ఎవరును అడుగరు. కూలివారని మాత్రమే చూతురు.

కావున రెండు మనవులు. ఒకటి: రంగము వెళ్లివచ్చిన కుటుంబములలోని ఉత్తరములను, రసీదులను, ముసలివారి జ్ఞాపకములను సంఘము సేకరింపవలెను. రెండు: మన సంఘమిచ్చు విద్యార్థివేతనములలో ఏటేటా ఒకటి దళితవాడ బిడ్డకు కేటాయింపవలెను. ఈ రెండవమాట కొందరికి రుచింపదని యెరుగుదును. అయినను, రేవులో ఒకనిపై నొకనిని నిలిపిననాడు మనకేమయ్యెనో తలచుకొని, తీర్మానముగా స్వీకరింపుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.