సహజ కవచము, పెట్టుడు సొమ్ము

(జగదల్పురమున ఉగాది సభయందు చేసిన ప్రసంగము)



ఢిల్లీ సచివాలయమున దస్త్రముల నడుమ కాలము గడుపు నాకు, మరల ఈ జగదల్పురమున తెలుగు మాట వినబడు సభలో నిలుచుట మిక్కిలి ఆనందము కలిగించుచున్నది. 2013 మొదలు మూడేండ్లు నేనిక్కడ డెప్యుటేషనుపై పనిచేసితిని. నాడు మన సమాజపు ఉగాది పచ్చడికి ఒక్క గిన్నె చాలెడిది. నేడు నగర్నార్ ఉక్కు కర్మాగారమువారు, రైల్వేవారు, తపాలావారు, రిజర్వు పోలీసు దళమువారు కలిసి ఈ హాలు నింపినారు. సంతోషము.

కార్యదర్శిగారు నన్ను భారతములోని అరణ్యపర్వమును గూర్చి మాటలాడుమనిరి. నేనును అందుకు సిద్ధపడియే వచ్చితిని. కాని మధ్యాహ్నము భోజనముల వేళ, క్రొత్తగా ఉద్యోగమున చేరిన యొక యువకుడు పులిహోర వడ్డించుచు నన్నొక ప్రశ్న యడిగెను. "సార్, కారు కొందామనుకుంటున్నాను. టాపు మోడలు కొనమంటారా, బేసు మోడలు కొని కావలసినవి బయట వేయించుకోమంటారా?" అప్పుడేదో చెప్పి తప్పించుకొంటిని. పిమ్మట ఆలోచింపగా, ఆ ప్రశ్నకు సమాధానము నేను చెప్పదలచిన అరణ్యపర్వమునందే యున్నదని తోచినది. కావున కార్యదర్శిగారు క్షమింతురు గాక! నేడు ఆ యొక్క ఘట్టమునే చెప్పి, తక్కినదంతయు కారును గూర్చి చెప్పెదను.

ఆ ఘట్టము మీ రందరు నెరిగినదే. కర్ణుడు కవచకుండలములతో పుట్టెను. అవి ఒక కంసాలి చేసి తెచ్చినవి కావు, శరీరముతో వచ్చినవి. ఇంద్రుడు బ్రాహ్మణవేషమున వచ్చి యాచింపగా కర్ణుడు వానిని కోసి యిచ్చెను. మారుగా ఒక శక్తిని పొందెను. ఆ శక్తి ఒక్కసారికే పనికివచ్చునది. అది ఘటోత్కచునిపై ఖర్చయిపోయినది. అర్జునుని యెదుట నిలిచిన నాడు కర్ణునకు శక్తియు లేదు, కవచమును లేదు. కవచమును పోగొట్టుకొన్నవాడు మరియొక కవచమును చేయించుకొనలేడా యని చిన్ననాడు నేను మా పంతులుగారిని అడిగితిని. "చేయించుకోవచ్చును, కాని అది ఒంటిమీద ఉండును, ఒంటిలో ఉండదు" అని వారనిరి. ఆ మాట నాకు ముప్పదియేండ్లు దాటిన తరువాత కేశకాల్ ఘాటులో అర్థమయినది.

2013లో నేనొక చిన్నకారు కొంటిని. అప్పటికి కేంద్రోద్యోగులకు మోటారుకారు అడ్వాన్సు ఉండెడిది; 1,80,000 రూపాయలకు మించి యిచ్చెడివారు కారు. ఏడవ వేతన సంఘము తరువాత 2016లో దానిని ఎత్తివేసిరి. ఆ యడ్వాన్సునకు బ్యాంకు ఋణమును చేర్చి లెక్క చూచుకొనగా, బేసు మోడలునకు సరిపోయినది. టాపు మోడలునకు మరి యెనుబదివేలు కావలసియుండెను. అందు అధికముగా నున్నవి రెండు ఎయిర్‌బ్యాగులు, చక్రములు బిగిసిపోకుండ చూచు ఏబీఎస్ బ్రేకులు, మరికొన్ని సొగసులు. నేను సొగసులను మాత్రమే చూచి, "ఇవి బజారులో సగము ధరకు దొరకును" అని నిశ్చయించుకొంటిని. ఆర్ట్సు పట్టభద్రుడను, బ్రేకుల సంగతి నాకేల?

పిమ్మట పది నెలలలో అల్లాయ్ చక్రములు, పాటల పెట్టె, తోలు సీటుకవర్లు, పొగమంచు దీపములు, ముందువైపు ఉక్కు గార్డు వేయించితిని. ఒకటొకటిగా వేయించుటచే ఖర్చు తెలియలేదు. మొత్తము కూడి చూచిన నాటికి అరువదియయిదువేలు దాటినది. అనగా మరి పదునైదువేలకు వెనుకాడినవాడనై, ఎయిర్‌బ్యాగులను వదలి పాటల పెట్టెను కొంటినన్నమాట.

2014 వర్షాకాలమున మా తల్లిగారిని రాయపూరులో రైలెక్కించుటకు తీసికొనిపోవుచుంటిని. జగదల్పురమునుండి రాయపూరు సుమారు మూడువందల కిలోమీటర్లు. కొండగావ్ దాటిన పిదప కేశకాల్ ఘాటు దిగవలెను. వాన పడుచున్నది. ఒక మలుపు తిరుగగనే రోడ్డుమధ్య పశువులు. బలముగా బ్రేకు త్రొక్కితిని. చక్రములు తిరుగుట మానెను గాని బండి ఆగలేదు. స్టీరింగు త్రిప్పినను బండి తిరుగలేదు; తిన్నగా జారి పిట్టగోడను కొట్టెను. ఆమె బెల్టు పెట్టుకొనియే యుండెను. ఆ బెల్టు ప్రాణము నిలిపినది. అయినను ముఖము ముందుకు వంగి డాషుబోర్డునకు తగిలెను. ఎడమ కంటిపై ఎముక చిట్లినది. అంతయు నిశ్శబ్దమయిన పిదపకూడ పాటల పెట్టె పాడుచునే యుండెను. దానిని ఆపుటకు నా చేయి ఆడలేదు.

ఆ కంటి చూపు తరువాత బాగుగా తగ్గిపోయినది. నేటికిని ఆమె వార్తాపత్రికను కుడికంటికి దగ్గరగా పట్టుకొని చదువును. రెండు మోడళ్ల ధరల తేడా యెంతయో కొంతకాలమునకు ఆమెకు తెలిసినది. నేను తలవంచుకొని కూర్చుండగా ఆమె, "పోనీలేరా, పాటలు మాత్రం బాగా వినిపించాయి" అనెను. ఆమె నవ్వుటకే అట్లనెను. నాకు మాత్రము నవ్వు రాలేదు.

అప్పటినుండి ఈ విషయమును కొంత చదివితిని. ఏబీఎస్ అనగా ప్రతి చక్రము యొక్క వేగమును కనిపెట్టి, అది బిగిసిపోబోవుచుండగా బ్రేకును క్షణమున అనేక పర్యాయములు వదలి పట్టు ఏర్పాటు. చక్రము దొర్లుచున్నంతకాలమే స్టీరింగు మాట వినును. ఎయిర్‌బ్యాగు ఢీకొన్న క్షణమున, సెకండులో ఇరువదవ వంతుకన్న తక్కువ కాలములో విచ్చుకొనవలెను. అందుకు తాకిడిని గుర్తించు సాధనములు, వానికొక మెదడు, బెల్టు, బండిచట్రము, అన్నియు ఒకదానికొకటి సరిపడునట్లు కర్మాగారమున పరీక్షించి అమర్చవలెను. అంగడివాడు వీనిని తరువాత తగిలింపలేడు. ఇవే బండికి సహజ కవచములు.

కాలము మారినది, చట్టమును మారినది. 2019 ఏప్రిల్ నుండి కార్లన్నిటికిని ఏబీఎస్, అదే సంవత్సరము జులై నుండి డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయినవి. ముందు ప్రక్కసీటువారి ఎయిర్‌బ్యాగు 2021 చివరకు అన్ని మోడళ్లకును వచ్చినది. నాకు దొరకని రక్షణ నేడు బేసు మోడలు కొనువానికిని దొరకును. అయినను ప్రశ్న తీరలేదు. ఒక మెట్టు పైకి జరిగినది. ప్రక్కలనుండి కాపాడు ఎయిర్‌బ్యాగులు, బండి మలుపులో జారకుండ పట్టియుంచు ఎలక్ట్రానిక్ ఏర్పాటు, వెనుక అద్దమునకు వైపరు, మంచు తుడుచు వేడితీగలు, ఇవి కొన్ని కార్లలో క్రింది మెట్టుననే యుండును, కొన్నిటిలో పై మెట్టుననే యుండును. 2023 అక్టోబరు 1 నుండి మన దేశముననే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలయినవి. నక్షత్రములను లెక్కించుటతో తృప్తిపడక, మీరు కొనబోవు రకములో ఏ రక్షణ సాధనములున్నవో పట్టిక తీసి చదువుడు. దస్త్రమున సంతకము చేయుటకు పూర్వము అనుబంధములనుకూడ చదువు అలవాటు మనకు కలదు గదా!

అట్లయిన టాపు మోడలే కొనవలెనా? అట్లని నేను చెప్పను. బస్తరునకు బస్తరు న్యాయము వేరు. పై మెట్టున వచ్చునవన్నియు కవచములు కావు. పైకప్పున తెరచుకొను అద్దము ఇక్కడి ఎండకును ఎర్రదుమ్మునకును ఏమి పనికివచ్చును? పెద్ద అల్లాయ్ చక్రములకు తగిలించు టైర్ల ప్రక్కలు పలుచన. సుక్మా దారిలోనో బీజాపూర్ దారిలోనో గోతిలో పడినప్పుడు ఇనుప చక్రము వంగును. దానిని ఊరి మెకానిక్కు సుత్తితో సరిచేయవచ్చును. అల్లాయ్ చక్రము పగిలినచో దానికి సుత్తి వైద్యము లేదు. పై రకములలో కొన్నిటికి అదనపు చక్రము చిన్నదిగా నుండును. టైరు గాలిని తెలుపు సాధనమును, పంక్చరు పెట్టెయు ఉన్న బండికి అదనపు చక్రమే అక్కరలేదని 2020లో నిబంధన సడలించిరి. నగరమున అది సౌకర్యమే. అడవిలో, ఫోను పలుకనిచోట, టైరు ప్రక్క చీలినప్పుడు ఆ పెట్టె ఏమి చేయును? కావున కొనుటకు పూర్వము డిక్కీ తెరచి అదనపు చక్రమును కంటితో చూడుడు.

బయట కొనదగినవియు చాల కలవు. పాటల పెట్టె, వెనుక చూపు కెమెరా, కాళ్లక్రింది పట్టాలు, టైరునకు గాలికొట్టు చిన్నయంత్రము, లాగుడు త్రాడు, మంటలార్పు సీసా: ఇవి బజారుననే చౌక, ఒక్కొక్కప్పుడు మేలు. కంపెనీవారు చెప్పిన కొలతలోనే మంచి టైర్లు వేయించుకొనుట కూడ వివేకమే. ఇక 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లపైనను, వాహన భాగములపైనను జీఎస్టీ 18 శాతమే అయినది. కాబట్టి పన్నును చూచి ఇటో అటో మొగ్గవలసిన పనిలేదు.

మూడవ తరగతి యొకటి కలదు. అవి ఎంత చౌకగా దొరకినను కొనరానివి. మొదటిది నేను వేయించిన ముందు గార్డు. బండి ముక్కు నలిగి దెబ్బను తాను మ్రింగవలెనని దానిని చేయుదురు. గార్డు ఆ దెబ్బను నేరుగా చట్రమునకు అందించును, ఎయిర్‌బ్యాగు సాధనమును తికమక పెట్టును, ఎదుటి మనిషిని మరింత గాయపరచును. అందుచేతనే 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ వీనిపై చర్య తీసికొనుమని రాష్ట్రములకు వ్రాసినది. రెండవది అధికశక్తి గల హెడ్‌లైటు బల్బులు. సాధారణ హాలోజెన్ బల్బు పెద్దవెలుగు 60 వాట్లు; 12 వోల్టులపై అది 5 ఆంపియర్లు తీసికొనును. బజారులోని 100 వాట్ల బల్బు 8 ఆంపియర్లు దాటును. తీగ మాత్రము పాతదే. అది కాగి కరగుటకు ఒక రాత్రి ఘాటు ప్రయాణము చాలును. ఎదురుగా వచ్చు లారీవాని కన్నులు మిరుమిట్లు గొలుపుట వేరొక పాపము. మూడవది, ప్రక్క ఎయిర్‌బ్యాగులు సీటులో దాగియున్న కార్లకు వానిని మూసివేయు సీటుకవర్లు. కవచము పైని శాలువా కప్పి కుట్టివేసినట్లగును.

చట్టమును మనవారు మరువరాదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించిన స్వరూపమునకు భిన్నముగా వాహనమును మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీనిని స్పష్టముగా చెప్పినది. వేయించిన విద్యుత్ సామగ్రిని భీమా పత్రమున చూపనిచో దానికి పరిహారము రాదు. తీగలు కోసి అతికించినచో కంపెనీ వారంటీకి చిక్కు వచ్చును.

డబ్బు మాట. రెండు మెట్ల నడుమ తేడా లక్ష రూపాయలనుకొందము. తొమ్మిది శాతము వడ్డీతో ఏడేండ్ల ఋణమయినచో నెలకు సుమారు 1,609 రూపాయలు. మొత్తము కట్టునది 1,35,000 పైచిలుకు. రహదారి పన్ను, భీమా కూడ కొంత పెరుగును. ఇది తక్కువ కాదు. మన జీతములలో పిల్లల ఫీజులు, ఊరిలో తల్లిదండ్రుల మందులు కలవు. కాబట్టి టాపు మోడలు కొనలేకపోవుట సిగ్గుపడవలసినది కాదు. కాని ఆ లక్షలో రక్షణ పాలు ఎంత, సొగసు పాలు ఎంత యని విడదీసి చూడక కొనుటయే పొరపాటు. తరచుగా నడిమి మెట్టుననే రక్షణ పూర్తియగును. పై మెట్టు కేవలము అలంకారము.

ఈ యూరి దసరా మీకు తెలియనిది కాదు. ఓరుగల్లు ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇటకు వచ్చెనని చెప్పు ఈ నేలపై, డెబ్బదియయిదు దినములు సాగు ఆ పండుగలో, దంతేశ్వరీదేవి పేర రథమును ఏటేట క్రొత్తగా చేయుదురు. ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ గ్రామముల పనివారు దానిని నిర్మింతురు. ఏ పని యెవరిదో తరతరములుగా నిర్ణయమై యున్నది. చక్రము విరిగినచో ఎవరిని అడుగవలెనో ఊరందరికి తెలియును. నా కారులో దీపము ఒకనిది, తీగ ఒకనిది, గార్డు ఒకనిది. ప్రమాదము జరిగిన పిదప ఎవరిని అడిగినను "అది నా పని కాదు" అనిరి. ఆ సమాధానము సచివాలయమున నేను పలుమార్లు విన్నదే. రోడ్డుమీద వినుట మాత్రము అదియే మొదలు.

కాబట్టి పులిహోర వడ్డించిన ఆ తమ్మునకు నా సలహా యిది. ఒక కాగితముపై మూడు గళ్లు గీయుము. తరువాత కొనలేనివి, తరువాత కొనదగినవి, ఎన్నడును కొనరానివి. మొదటి గడి ఏ మెట్టున నిండునో ఆ మెట్టు కొనుము. అంతకుపైన నీ యిష్టము. ఆ గడి నిండుటకు డబ్బు చాలనిచో ఆరు నెలలు ఆగుము. బస్సు ప్రయాణము అవమానము కాదు.

2022లో నేను మరల కారు కొంటిని. నడిమి మెట్టు, ఆరు ఎయిర్‌బ్యాగులు. మా తల్లిగారిని ముందుసీటున కూర్చుండబెట్టగా ఆమె చేతితో డాషుబోర్డును తడిమి, "పాటలు ఉన్నాయిరా?" అని యడిగెను. "లేవమ్మా, బయట వేయించాలి" అంటిని. "తొందరేం లేదులే" అనెను.