చెట్టెక్కిన చేతులకు మన బాకీ

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పరిచయం చేస్తూ, విద్యుత్ లైన్ల మీద ముప్ఫయ్యెనిమిదేళ్ల అనుభవం గలవాడినని, ఒక్క మచ్చ లేకుండా పదవీ విరమణ చేశానని అన్నారు. మునగచెట్టు ఎక్కించడం అంటే ఇదే. మునగకొమ్మ మాట చెప్పకుండా విరుగుతుంది. అది విరిగేలోపు నేనే దిగిపోతాను. నా సర్వీసులో మచ్చ ఉంది. ఆ సంగతి చెప్పాలంటే ముందు చెట్టెక్కేవాళ్ల గురించి చెప్పాలి.

మన శాఖలో స్తంభం ఎక్కినవాడికి సర్వీసు రిజిస్టరు ఉంది, ఇంక్రిమెంటు ఉంది, ఈరోజు పింఛను ఉంది. ఆ స్తంభానికి తగిలే కొమ్మ కొట్టడానికి చెట్టెక్కినవాడికి రోజు కూలి ఒక్కటే. మస్టరులో పేరు ఉండేది కాదు. బిల్లులో మాత్రం "చెట్లు కొట్టించినందుకు" అని ఒక పద్దు ఉండేది.

నేను గోదావరి డెల్టాలో పనిచేసిన రోజుల్లో, ఏటా తొలకరికి ముందు లైన్ల కింద కొమ్మలు కొట్టించేవాళ్లం. మాకు ఒక మేస్త్రి ఉండేవాడు. అతనితో ముగ్గురు. పైకి ఎక్కేది మేస్త్రి, తాడు పట్టేది ఇద్దరు, ఎర్రగుడ్డ పట్టుకుని రోడ్డు మీద సైకిళ్లను, గొడ్లను ఆపేది ఒకడు. తెల్లవారుజామున చద్దన్నం తిని ఆరింటికల్లా చెట్టు కింద ఉండేవారు. ఎండెక్కితే చేతులకు చెమట పట్టి పట్టు జారుతుందని వారి భయం.

వచ్చీరాగానే మేస్త్రి చెట్టెక్కేవాడు కాదు. ముందు తాడు మొత్తం విప్పి, ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో తడిమేవాడు. ఒక్క పురి తెగినా ఆ తాడు పక్కన పడేసేవాడు. తరువాత చెట్టు చుట్టూ తిరిగేవాడు. గొడ్డలి మడమతో మొదలు మీద కొట్టి చప్పుడు వినేవాడు. గట్టిగా పలికితే ఎక్కుతాడు, డొల్లగా పలికితే పక్క చెట్టుకు తాడు కట్టుకుంటాడు. తొర్రలో పాము, కొమ్మ కింద తేనెపట్టు, ఆకుల్లో ఎర్రచీమల గూడు, అన్నీ చూసుకుని, మొదలును తాకి ఆ చెయ్యి కళ్లకద్దుకునేవాడు. "అన్నం పెట్టే తల్లిని నరుకుతున్నానండి, చెప్పి ఎక్కాలి గదా" అనేవాడు.

ఏ చెట్టు గుణం దానిదే. చింతకొమ్మ వంగుతుందిగాని తొందరగా విరగదు. తురాయి చూపుకు అందం, ఎక్కేవాడికి గండం. నిద్రగన్నేరు కొమ్మలు రోడ్డుకు అడ్డంగా బారలు చాస్తాయి, బరువంతా కొసన ఉంటుంది. అలాంటి కొమ్మను పైనుంచి నరుకుతూ పోతే సగంలో చీలి, మొదలు బెరడు తోలులా ఊడొస్తుంది. ఒక్కోసారి ఎక్కినవాడి మీదికే తిరుగుతుంది. అందుకని ముందు కింది వైపు గాటు పెట్టి, దానికి కాస్త అవతల పైనుంచి కోసేవాడు. పెద్ద కొమ్మకు ముందే తాడు బిగించి, తెగాక కిందివాళ్లు మెల్లగా వదిలేవారు. పైవాడి ప్రాణం కిందివాడి చేతుల్లో ఉండే పని అది.

ఇక నా సంగతికి వస్తాను.

1987 జూన్. కాలవగట్టు మీద ఒక పెద్ద నిద్రగన్నేరు. దాని కింద నుంచి 11 కె.వి. లైను. నేను ఎల్.సి. తీసుకున్నాను. పిల్లలకు తెలియకపోవచ్చు, ఎల్.సి. అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్‌లో ఫలానా ఫీడరు ఆపి, తీసుకున్నవాడు తిరిగి అప్పగించేదాకా కరెంటు ఇవ్వకూడదన్నమాట. ఆ ఫీడరు ఆపించాను, ఎర్త్ వేయించాను. కాలవకు అవతలి ఒడ్డున ఇంకో ఫీడరు పోతోంది. అది దూరమే కదా అనుకున్నాను. దాన్ని ఆపించలేదు.

మేస్త్రి అడిగాడు, "అవతలిది కూడా ఆగిందాండీ?" అని. నేను "నీ కొమ్మ అంతదూరం రాదులే, కానివ్వు" అన్నాను. మధ్యాహ్నంలోగా ఎల్.సి. తిరిగి ఇవ్వాలని నాకు తొందర.

తెగిన కొమ్మ తాడు మీద గిర్రున తిరిగింది. నేను వేసిన అంచనా కంటే పొడుగు. కొస పోయి అవతలి తీగకు తగిలింది. పచ్చికొమ్మ, మేస్త్రి చెయ్యి దాని మీదే ఉంది. క్షణంలో కొమ్మ జారిపోబట్టి ప్రాణం దక్కింది. ఇరవై అడుగుల పైనుంచి గట్టు బురదలో పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. కుడిచేతి రెండు వేళ్లు తీసేశారు. మళ్లీ చెట్టెక్కలేదు.

ఆ సాయంత్రం పైఅధికారి ఒకరు నన్ను పిలిచి, ఒక కాగితం ముందుపెట్టారు. సదరు మనిషి ఎవరి అనుమతీ లేకుండా, వంటచెరకు కోసం తనంతట తాను చెట్టెక్కి పడిపోయాడని అందులో ఉంది. "ఇతను మన మనిషని రాస్తే ముందు నీ ఉద్యోగం చూసుకోవాలి" అన్నారు. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. సంతకం పెట్టాను. ఆయన్ని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. కలం నా చేతిలోనే ఉంది.

ఆ కాగితం వల్ల అతనికి పైసా రాలేదు. నాకు మాత్రం ఇంక్రిమెంటు ఆగలేదు. ప్రతినెలా పింఛను తీసుకునేటప్పుడు ఆ సంతకం గుర్తొస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. ఊరంతా చెట్లు నేలకూలాయి. ఇతర జిల్లాల నుంచి పంపిన సిబ్బందిలో నేనూ ఉన్నాను. అది నా ఉద్యోగంలో చివరి ఏడాది. చెట్లు తొలగించే ముఠాలు కూడా పలుచోట్ల నుంచి వచ్చాయి.

నిలబడిన చెట్టును కొట్టడం ఒక ఎత్తు, పడిన చెట్టును కోయడం ఒక ఎత్తు. గోడకీ నేలకీ మధ్య వంగి ఇరుక్కున్న మాను, లాగి పట్టిన విల్లు లాంటిది. బిగుసుకున్న వైపు ముందు కోస్తే ఎగిరి మనిషి మీదికి వస్తుంది. వేళ్లతో సహా ఒరిగిన చెట్టును మొదట్లో కోస్తే, పైబరువు పోయిన ఆ వేళ్ల దిమ్మ మళ్లీ లేచి గోతిలో కూర్చుంటుంది. ఆ గోతి దగ్గర ఎవర్నీ నిలబడనివ్వకూడదు. మిషన్ రంపం హోరులో కేక వినపడదు. అందుకని చేతి సైగలతోనే పని. పొట్టు కళ్లల్లో, వాన నెత్తిమీద. తిన్నది పొట్లం అన్నం, పడుకున్నది బడి వరండాలో.

అక్కడ ఒక కుర్రాడు రంపం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "సార్, ఈ లైను ఆగిందా? ఎర్త్ వేశారా? పక్కన ఇంకో లైను ఏదైనా ఉందా? ఏ ఇంట్లోనైనా జనరేటరు నడుస్తోందా?" అని వరసగా అడిగాడు. జనరేటరును సరిగా కలపకపోతే ఆ కరెంటు వెనక్కి వచ్చి చచ్చిన తీగ బతుకుతుంది. అది మనలోనే కొందరు మరిచిపోయే సంగతి. "ఎవరు నేర్పారయ్యా నీకు?" అన్నాను. "మా నాన్నండి" అని ఊరి పేరు చెప్పాడు. మా మేస్త్రి ఊరు.

2015లో పదవీ విరమణ అయ్యాక ఆ ఊరు వెళ్లాను. మేస్త్రి ఇంటి ముందు కూర్చుని, మూడు వేళ్ల చేత్తో కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు. లేవబోతే వద్దన్నాను. కాగితం సంగతి చెప్పాను. అతను తాడు ఆపలేదు. "తెలుసండి. అప్పుడే ఎవరో చదివి చెప్పారు" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా తెలుసు. క్షమించానని అనలేదు, తిట్టనూ లేదు. కాసేపాగి, "మావాడు ఎక్కే ముందు రెండో లైను అడుగుతున్నాడాండీ?" అన్నాడు. అడుగుతున్నాడని చెప్పాను. తల ఊపాడు.

మిత్రులారా, అతనికి నేను చేయగలిగింది కొంత చేశాను. ఆ లెక్క ఇక్కడ చెప్పను. చాలలేదని మాత్రం తెలుసు. మీ అందరినీ కోరేది మూడు మాటలు.

మన ఇళ్లల్లో చెట్టు కొట్టించే ముందు అనుమతి తీసుకుందాం. 2002 నాటి నీరు, భూమి, వృక్ష చట్టం ఆ సంగతి చెబుతోంది. తీగ దగ్గరగా ఉంటే సెక్షన్ ఆఫీసులో చెప్పి కరెంటు ఆపించాకే మనిషిని ఎక్కనిద్దాం. వందో రెండొందలో మిగులుతుందని ఒంటరి మనిషిని ఎక్కించవద్దు. కింద తాడు పట్టే మనిషి కూలి కూడా ఇద్దాం.

ఇక మూడోది. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల లోపు, బ్యాంకు ఖాతా ఉన్న ఎవరైనా చేరవచ్చు. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తిగా అవిటివాడైనా రెండు లక్షలు వస్తాయి. మనకు తెలిసిన చెట్లు కొట్టేవాళ్లను బ్యాంకుకు తీసుకెళ్లి కాగితం నింపి పెడదాం. కాగితాలు నింపడంలో మనల్ని మించినవాళ్లు లేరు కదా! ఒకప్పుడు నా సంతకం ఒక మనిషి నోటి దగ్గర కూడు తీసింది. ఈసారి మన సంతకాలు నలుగురికి అక్కరకు రావాలి.