జనం పెరిగితే నగరం అయితదా?

(రాజమండ్రిలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



‘రాజమండ్రి మహానగరం అవుతున్నదా?’ అన్నది మీరిచ్చిన అంశం. తెలంగాణ కోసం రోడ్డెక్కినోణ్ని పిలిచి మీ ఊరి గురించి చెప్పమన్నరు. ఇందులో విచిత్రమేమీ లేదు. మీకూ మాకూ నడుమ అన్నేండ్లు నడిచిన పంచాయితీ నగరం గురించే గదా! హైదరాబాద్ అనే ఒక్క నగరం గురించి.

పైకి చూస్తే మీ ఊరు పెద్దదే. 2011 లెక్కల్లో కార్పొరేషన్ పరిధిలోనే దాదాపు 3 లక్షల 40 వేల జనం. చుట్టుపక్కల కలిసిపోయిన ఊర్లను కలిపితే 4 లక్షల 76 వేలు. తాడితోటలో బట్టల మార్కెట్ ఉన్నది. కడియం మొక్క దేశమంతా లారీలెక్కి పోతున్నది. గోదావరి మీద 1900లో ఒక వంతెన, 1974లో ఒకటి, 1997లో ఒకటి, 2015లో మరొకటి. మోరంపూడి జంక్షన్ల సాయంత్రం నిలబడితే ‘అబ్బో, నగరమే’ అనిపిస్తది. కానీ ట్రాఫిక్ జామ్ ఉన్న ప్రతి ఊరూ నగరమేనా? నగరాన్ని కొలిచేందుకు నాకు మూడు ప్రశ్నలున్నయి. ఇక్కడ చదువుకున్నోనికి ఇక్కడ పని దొరుకుతదా? ఈ ఊరి నిర్ణయం ఈ ఊర్లనే జరుగుతదా? బయటి మనిషి వచ్చి తలెత్తుకొని బతుకగలడా?

ఒకప్పుడు ఈ ఊరు మూడింటికీ ‘అవును’ అనబోయింది. నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినంక డెల్టాల దాదాపు 10 లక్షల ఎకరాలకు నీళ్లు పారినయి. తిండికి మించి పండింది. ఆ మిగులు మీద బడి వచ్చింది, కాలేజీ వచ్చింది, పత్రిక వచ్చింది. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పెట్టిండు. 1881 డిసెంబర్ 11న ఊరంతా ఎదురుతిరిగినా మొదటి వితంతు వివాహం చేయించిండు. 1890లో టౌన్ హాల్ కట్టించిండు. ఊరు అప్పుడు చిన్నదే. అయినా పెద్ద నగరం చేయాల్సిన పని చేసింది. పాతదాన్ని నిలదీసే మనిషికి మాట్లాడేందుకు జాగ ఇచ్చింది.

మరి తర్వాత ఏమైంది? 1936లోనే దుర్గా సినీటోన్ పేరుతో సినిమా స్టూడియో లేచింది ఇక్కడ. సినిమా మాత్రం మద్రాసుకు పోయింది, అక్కడి నుంచి హైదరాబాద్‌కు వచ్చింది. రాజమండ్రికి మిగిలింది షూటింగ్ చూసే భాగ్యం. డెల్టాల మిగిలిన డబ్బు అదే దారి పట్టింది. ఆ డబ్బు కాంట్రాక్టయింది, సినిమా అయింది, హైదరాబాద్ చుట్టూ భూములయింది. మా భూములు పోయినయని మేం ఏడ్చినం. మీ ఊర్ల పెట్టాల్సిన పెట్టుబడి పోయిందని మీలో ఎవ్వరూ ఏడ్వలేదు. పెట్టుబడికి ప్రాంతం మీద ప్రేమ ఉండదు మిత్రులారా. లాభం ఎక్కడుంటే అదే దాని సొంతూరు.

గ్యాస్ సంగతి చూడండి. ఓఎన్జీసీ ఆఫీసు మీ ఊర్లనే ఉన్నది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని 65 రోజులు మండింది. 2014 జూన్ 27న గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయిన పల్లె పేరే ‘నగరం’. 2009లో మాత్రం కాకినాడ తీరం నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1400 కిలోమీటర్ల పైపు వేసి గ్యాస్ తీసుకపోయిండ్రు. మంట ఇక్కడ, మంటతో నడిచే ఫ్యాక్టరీ మరెక్కడో. పేపర్ మిల్లు కూడా అంతే. 2011లో అమెరికా కంపెనీ కొన్నది, 2019లో మరో కంపెనీకి అమ్మింది. యజమాని మారినప్పుడల్లా కార్మికునికి తెలిసింది పేపర్ల చదివే!

ఇక నిర్ణయం. జనాభాలో కాకినాడ కంటే పెద్ద ఊరు, అయినా కలెక్టర్‌కు అర్జీ ఇయ్యాలంటే కాకినాడ బస్సెక్కాలె. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇదే కథ. నన్నయ పేరు మీద యూనివర్సిటీ 2006లో వచ్చింది. అప్పటిదాకా డిగ్రీ కాగితానికి విశాఖపట్నం వైపు చూడాలె. 2014లో ఎన్నికైన కార్పొరేషన్ పాలకవర్గం గడువు 2019లో ముగిసింది. 2021 మార్చిలో రాష్ట్రంలో 12 కార్పొరేషన్లకు ఎన్నికలు పెట్టినప్పుడు అందులో రాజమండ్రి లేదు. ఏండ్ల తరబడి అధికారుల పాలనే. వార్డుల మోరీ పొంగితే గల్లా పట్టి అడిగే కార్పొరేటర్ లేని ఊరును మహానగరం అని ఎట్ల అంటం? పేరు 2015లో రాజమహేంద్రవరం అయింది. పేరు మార్చే తీరిక దొరికింది గానీ, ఓటు పెట్టే తీరిక దొరకలేదు.

అందుకే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎప్పుడూ ఖాళీగా పోదు. చదువుకున్న పిల్లలు సికింద్రాబాద్ బండెక్కుతరు. చదువు దొరకని ఆడబిడ్డలు ఇంటిపనికి గల్ఫ్ విమానమెక్కుతరు. ఈ ఊరు పెంచుతది, ఇంకో ఊరు వాడుకుంటది.

2013 ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా మీరు సమైక్యం అని రోడ్డెక్కిండ్రు. ఉద్యోగులు సమ్మె చేసిండ్రు, పిల్లలు బడి మానుకున్నరు. మేం ఇక్కడి నాయకులను తిట్టినం, మిమ్మల్నీ తిట్టినం. ఇయ్యాల ఒక్క మాట అడుగుత. మీరు కొట్లాడింది తెలుగు జాతి ఐక్యత కోసమా, హైదరాబాద్‌లో ఉన్న కొలువు కోసమా? మీ పిల్లలకు ఆ కొలువు రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో దొరికి ఉంటే ఎవరు ఎక్కడికి పోతే మీకేంది? అన్నీ ఒక్క ఊర్లనే పెట్టిన పాలకులు మనిద్దరినీ ఆ ఊరి ముంగట నిలబెట్టి కొట్లాడబెట్టిండ్రు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చి మాకు న్యాయం జరిగింది. మీకు జరిగిన అన్యాయం మేం చేసింది కాదు, అంతకు ముందు అరవై ఏండ్లు జరిగింది.

ఇప్పుడు మూడో ప్రశ్న, బయటి మనిషి. ఇక్కడి మాటలో మర్యాద ఉన్నది. ‘అండి’ లేకుండ వాక్యం ముగియదు. దేవీచౌక్ దసరా నాటకాలకు తెల్లందాక జనం కూర్చుంటరు. గౌతమీ గ్రంథాలయంలో ఇంకా ముసలోళ్లు, పిల్లగాండ్లు పక్కపక్కన కూర్చొని చదువుతరు. సందడికి కొదువ లేదు. కానీ ఇల్లు కిరాయికి అడగండి. మేం కిరాయి అంటం, మీరు అద్దె అంటరు, రెండు చోట్లా మొదటి ప్రశ్న ఒక్కటే: ‘మీ ఇంటిపేరేంటండీ?’ ఆ ప్రశ్న మర్యాద కోసం కాదని అడిగేటోనికీ తెలుసు, చెప్పేటోనికీ తెలుసు. 2022 మే 24న అమలాపురంలో, జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతమంటే మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టిండ్రు. వీరేశలింగం ఊరికి అమలాపురం ఎంత దూరం? పోలవరం కింద మునిగే కోయలు, కొండరెడ్లు రేపు పని వెతుక్కుంట మీ ఊరికి వస్తే ఈ ఊరు వాళ్లకు ఇల్లు ఇస్తదా, అడ్డా కూలీగా మాత్రమే ఉండమంటదా? రకరకాల హోటళ్లు ఉంటే వైవిధ్యం కాదు. ఇంటిపేరు చెప్పకుండ ఇల్లు దొరికితే వైవిధ్యం.

మీకు కొత్త రాష్ట్రం వచ్చినంక ఏం జరిగింది? అన్నీ ఒకేచోట కుప్పపోయొద్దని 2014 ఆగస్టులో శివరామకృష్ణన్ కమిటీ చెప్పింది. వినలేదు. అమరావతికి వేల ఎకరాల పంట భూమి తీసుకున్నరు. 2019లో ఇంకొకరు వచ్చి మూడు రాజధానులన్నరు. ఒకటా మూడా అని కొట్లాడిండ్రు గానీ, రాజమండ్రి కార్పొరేషన్‌కు ఎంత అధికారం, ఎన్ని నిధులు అని ఏ పార్టీ మాట్లాడింది?

మమ్మల్ని మేం పొగుడుకోను. తెలంగాణలోనూ ఐటీ అంటే హైదరాబాదే, పెద్ద దవాఖాన అంటే హైదరాబాదే. ఓరుగల్లు పిల్లగాడు ఇంకా ఉప్పల్ బస్సు కోసమే నిలబడుతున్నడు. రాష్ట్రం తెచ్చుకున్నది ఒక రాజధానిని ఇంకా లావు చేసేందుకు కాదు. పాలన ఊరి దగ్గరికి రావాలన్నది ఉద్యమ సారం. అది రాలేదంటే ఉద్యమం సగమే గెలిచినట్టు.

అందుకే మీతోని చెప్పేది ఇది. మహానగరం బోర్డు అడగకండి. మాల్ అడగకండి. కార్పొరేషన్‌కు టైం ప్రకారం ఎన్నికలు అడగండి. గ్యాస్ తీసిన జిల్లాకు గ్యాస్‌తో నడిచే ఫ్యాక్టరీ అడగండి. నన్నయ యూనివర్సిటీల ఖాళీ ఉన్న ప్రతి పోస్టునూ నింపమనండి. ఇది ప్రభుత్వాన్ని అడిగేది. ఇక మిమ్మల్ని మీరు అడుక్కోవాల్సింది ఒక్కటుంది: రేపు మీ గేటు ముందర ఒక కొత్త మనిషి నిలబడి ‘ఇల్లు ఖాళీ ఉందా?’ అంటే, ఎన్ని గదులు కావాలని అడుగుతరా, ఇంటిపేరు అడుగుతరా?

ఉద్యోగులు యూనియన్ తరఫున, విద్యార్థులు హాస్టల్ తరఫున ఈ పని మొదలుపెట్టండి. అటు ఓరుగల్లులో మేం మొదలుపెడతం. ఈసారి ఒకరి మీద ఒకరం కాదు, ఒకే వైపు నిలబడి కొట్లాడుదం.

సెలవు.