బుల్లెట్ హ్యాండిల్ వైరింగ్: అడవి రోడ్డులో నేర్చుకున్న పాఠం

ఇవాళ వీడియో నేను చేసిన తప్పు గురించి.

2025 మే నెలలో కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు జరిగాయి కదా, 15 నుంచి 26 దాకా. అమ్మని బండి మీద తీసుకెళ్లాను. స్నానం, ముక్తేశ్వర స్వామి దర్శనం, సాయంత్రం హారతి అయ్యాక తిరుగుప్రయాణం. మహదేవ్‌పూర్ దాటి కాటారం వైపు వస్తుంటే అడవిలో ఒక మలుపు. హ్యాండిల్ తిప్పానో లేదో, లైటూ ఇంజనూ రెండూ ఒకేసారి ఆగిపోయాయి. చిమ్మచీకటి. వెనక బస్సు వస్తోంది. "ఏమైంది బిడ్డా?" అంటోంది అమ్మ. బండిని మట్టిలోకి దింపేసరికి బస్సు హారన్ కొడుతూ పక్కనుంచి పోయింది.

తెల్లారి విప్పి చూశాను. నీట్‌గా కనబడాలని పాత స్విచ్ డబ్బాలు పీకేసి, చిన్న బటన్లు పెట్టి, వైర్లన్నీ హ్యాండిల్ పైపు లోపలి నుంచి లాగాను. డ్రిల్ చేసిన రంధ్రం అంచుని ఆకురాయితో రుద్దలేదు, రబ్బరు గ్రోమెట్ పెట్టలేదు. తిప్పినప్పుడల్లా ఆ అంచు హెడ్‌లైట్ వైరు తొడుగుని కోసింది. కరెంటున్న వైరు పైపుకి తగిలి షార్ట్ అయింది. మొత్తం బండికి ఒకటే ఫ్యూజ్ పెట్టాను, అది పోయింది. ఆఫీసులో మాత్రం "ఒక్క సర్వర్ మీదే అంతా నడపొద్దు" అని మీటింగుల్లో చెప్పేవాణ్ణి!

ఇప్పుడు ఎలా మార్చానో చూడండి.

హెడ్‌లైట్ హై బీమ్ 60 వాట్లు. 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు. అంత కరెంటు చిన్న బటన్‌లో పంపొద్దు. ట్యాంకు కింద 5 పిన్నుల రిలే పెట్టాను. 30 పిన్నుకి ఫ్యూజ్ నుంచి కరెంటు, 87ఏ నుంచి లో బీమ్, 87 నుంచి హై బీమ్. హ్యాండిల్ మీది స్విచ్ రిలే కాయిల్‌ని ఎర్త్ చేస్తుంది, అంతే. దానికి పావు ఆంపియర్ కూడా పట్టదు.

అసలు లాభం ఇక్కడుంది. ఆ సన్న వైరు తెగితే లో బీమ్ వెలుగుతుంది. పైపుకి రాసుకుంటే హై బీమ్ వెలుగుతుంది. రెండిట్లో ఏదైనా సరే, చీకటి మాత్రం అవ్వదు. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త టూవీలర్లకి లైటు ఎప్పుడూ వెలిగే ఉండాలన్న రూల్ వచ్చింది కదా, పాత బండికైనా ఆ పద్ధతే మంచిది.

ఇంకో నాలుగు మాటలు. ఇంజన్‌కి, లైటుకి, హారన్‌కి వేరువేరు ఫ్యూజులు పెట్టండి. హ్యాండిల్ క్లాంప్ దగ్గర రంధ్రం చేయొద్దు, బరువంతా పడేది అక్కడే. పైపు లోపల జాయింట్లు వద్దు. టేపు చుట్టడం అసలే వద్దు, మన మే ఎండకి జిగురు కరిగి ఊడిపోతుంది. స్విచ్‌ల ఎర్త్ కోసం పైపుని నమ్మొద్దు, విడిగా వైరు లాగండి.

చివరిగా, ఇంజన్ స్టార్ట్ చేసి హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి ఇరవై సార్లు తిప్పండి. లైటు ఒక్కసారి మిణుకుమన్నా ఆ బండి రోడ్డెక్కొద్దు.

అమ్మ ఇప్పుడు బండెక్కే ముందు అడుగుతోంది, "లైట్ చూసినవా?" అని. మీరూ చూసుకోండి. వచ్చే వీడియోలో కలుద్దాం.