తెర చెప్పిన పాత మాట
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బై ఐదేళ్ల పండుగనాడు పాఠశాల చరిత్రను స్మరించుకోవడం ఆనవాయితీ. ఆ పనిని నాకంటె పెద్దలు చక్కగా నెరవేర్చారు. నేను ఒక చిన్న పాఠం చెప్పదలచాను. అందుకు కారణం నా పొరపాటే.

గత క్రీడోత్సవంనాడు పూర్వ విద్యార్థి ఒకరు అభిమానంతో ఒక చిన్న డ్రోను తెచ్చారు. "మైదానాన్ని పైనుండి చిత్రీకరిద్దాం టీచరమ్మా" అంటే, ఒక్క ప్రశ్నయినా అడగకుండా అనుమతించాను. ఎనిమిదవ తరగతి బాలుడొకడు సెల్‌ఫోను తెరనే చూస్తూ దానిని నడిపాడు. కొద్దిసేపటికి అది వేపచెట్టును ఢీకొని, ఒకటవ తరగతి పిల్లలు కూర్చున్న చోటికి రెండు బారల దూరంలో పడింది. దైవకృప వలన ఎవరికీ దెబ్బ తగలలేదు. బాలుడు ఏడుస్తూ, "తెరమీద చెట్టు ఇంకా దూరంగానే ఉంది టీచర్" అన్నాడు. వాడు అబద్ధమాడలేదు. తెర పాత మాట చెప్పింది.

ఇప్పుడు పూర్వ విద్యార్థులు పాఠశాలకు ఒక డ్రోనును బహూకరించదలచారు. ఈసారి ప్రశ్నలు అడిగిన తరువాతనే స్వీకరించాలని నా నిశ్చయం.

డ్రోను కెమెరా చూసిన దృశ్యం రేడియో తరంగాలపై మన చేతికి చేరుతుంది. చేరే మార్గాలు ముఖ్యంగా మూడు.

మొదటిది అనలాగ్ పద్ధతి. కొడైకెనాల్ ప్రసారం కోసం మేడమీద ఏంటెనా త్రిప్పిన రోజులు ఇక్కడి తల్లిదండ్రులకు గుర్తుండే ఉంటాయి. ఇదీ అటువంటిదే. దూరం పెరిగేకొద్దీ తెరమీద చుక్కలు, గీతలు వస్తాయి. కాని బొమ్మ ఒక్కసారిగా మాయం కాదు, ముందే హెచ్చరిస్తుంది. ఆలస్యం సెకనులో కొన్ని వందవ వంతులు మాత్రమే. పందెపు డ్రోన్లు నడిపేవారు దీనిని అభిమానించడానికి కారణమదే. స్పష్టత తక్కువ కావడం, అదే చానలు పట్టిన ఎవరైనా చూడగలగడం దీని లోపాలు.

రెండవది వై-ఫై. మన వేపచెట్టును ఢీకొన్న డ్రోను ఈ కోవలోనిది. ఇది దృశ్యాన్ని కుదించి, చిన్న పొట్లాలుగా కట్టి పంపుతుంది. మన తరం ఎరిగిన రిజిస్టర్డ్ తపాలా వలె అందినట్లు రసీదు కోరుతుంది. రసీదు రాకపోతే మళ్లీ పంపుతుంది. నమ్మకం ఉంది, కాని జాప్యం కూడా ఉంది. సెల్‌ఫోనే తెర కావడం వలన ఖర్చు తక్కువ. అయితే చౌకరకం డ్రోన్లు ఎక్కువగా వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ దారిలోనే ఇళ్లలోని వై-ఫై, బ్లూటూత్ కూడా నడుస్తాయి. వందల ఫోన్లు చేరిన ఉత్సవంలో ఆ దారి తిరునాళ్ల వీధి అవుతుంది.

మూడవది డ్రోన్ల కొరకే రూపొందించిన డిజిటల్ పద్ధతి. డీజేఐ సంస్థ 2016లో మావిక్ ప్రోతో తెచ్చిన ఆక్యుసింక్ ఇటువంటిది. ఇది సమాచారాన్ని అనేక సన్నని ఉపతరంగాలపై ఒకేసారి పంపుతుంది. రద్దీ లేని చానలుకు తానే మారుతుంది. సంకేతం బలహీనపడితే ముందు స్పష్టతను తగ్గించి, బొమ్మను నిలుపుతుంది. కాని హద్దు దాటితే హఠాత్తుగా ఆగిపోతుంది.

ఒక ఉదాహరణ చూడండి. అదే సంస్థ 2019లో మావిక్ మినీని, 2020లో మినీ 2ను తెచ్చింది. రెండూ 250 గ్రాముల లోపువే. మొదటిదానిలో వై-ఫై, రెండవదానిలో ఆక్యుసింక్. అమెరికా నిబంధనల ప్రకారం మొదటిదాని దూరం 4 కిలోమీటర్లు, రెండవదానిది 10. తరంగబలాన్ని మరింత పరిమితం చేసిన ఐరోపాలో అవే 2, 6. ఇవన్నీ అడ్డంకులు లేని ఆరుబయట కొలిచిన లెక్కలు. మన మైదానానికి 10 కిలోమీటర్లు ఎందుకని అడగవచ్చు. చెట్లు, గోడలు, ఫోన్లు ఉన్నచోట ఆ మిగులు బలమే బొమ్మను నిలుపుతుంది.

దూరంకంటె ముఖ్యమైనది ఆలస్యం. నల్లబల్లమీద వేసిన లెక్కనే ఇక్కడ చెబుతాను. సెకనుకు 5 మీటర్ల వేగంతో పోయే డ్రోను, బొమ్మ ఒక సెకను ఆలస్యమైతే, తెర చూపినదానికంటె 5 మీటర్లు ముందుంటుంది. సెకనులో ఐదవ వంతు ఆలస్యమైతే ఒక మీటరు. 2021లో వచ్చిన డీజేఐ ఎఫ్‌పీవీ డ్రోనుకు చెప్పిన కనిష్ఠ ఆలస్యం 28 మిల్లీసెకన్లు. అప్పుడు తేడా 14 సెంటీమీటర్లే. ఆ బాలుడికీ చెట్టుకూ మధ్య జరిగినది ఈ లెక్కే.

దాతలకు మూడు మనవులు. మొదటిది, విదేశాలలో ఉన్న మన పిల్లలు డ్రోనును పెట్టెలో పెట్టి తేవద్దు. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు తప్ప, తయారైన డ్రోన్ల దిగుమతిని మన ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. రెండవది, కొనేముందు దూరం ఒక్కటే కాక, ఏ పద్ధతి, ఎంత ఆలస్యం, సంకేతం తెగితే డ్రోను ఏమి చేస్తుంది అని అడగండి. మూడవది, 2021 డ్రోన్ నియమాలు గగనతలాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించాయి. మదురై విమానాశ్రయం మనకు ఎంతో దూరంలో లేదు. అధికారిక పటం చూడకుండా ఎగురవేయరాదు.

ఇక పాఠశాల నియమం ఒకటి. ఒకరు తెర చూస్తే, మరొకరు ఆకాశం చూడాలి. పిల్లల తలలపై ఎన్నడూ ఎగురవేయరాదు.

ఆ బాలుడిని నేను దండించలేదు. తప్పు నాది కనుక ఇద్దరం కలసి ఇదంతా నేర్చుకున్నాం. మరుసటి వారం వాడే తరగతిలో నిలబడి, "పొట్లం అందలేదు, అందుకని బొమ్మ ఆగింది, డ్రోను ఆగలేదు" అని వివరించాడు. తెలుగులో చదివితే నేటి విజ్ఞానం అందుతుందా అని తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. తమిళం మనం నిలిచిన నేల నుడి. పిల్లలు దానిని చక్కగా నేర్వాలి. ఇంగ్లీషూ నేర్వాలి. అయితే అర్థమైన విషయం మొదట ఇంటి నుడిలోనే పలుకుతుందని ఆ బాలుడు నాకు చూపాడు. నాయకరాజుల కాలం నుండి ఈ సీమలో నిలిచిన మన తెలుగుకు ఈ పని చేసే శక్తి ఇంకా ఉంది. ఆ శక్తిని వినియోగించే తరగతి గది ఇక్కడ ఉండాలంటే, మీ పిల్లలను ఇక్కడికి పంపండి.